వంటింట్లో సగం పాట

"దొరికింది." ఫోన్లో ఒక్క మాటే. దాని కింద మా ఆయన అరచేతిలో మెరుస్తున్న చిన్న లోహపు ముక్క ఫొటో. హెడ్‌ఫోన్ల సన్న పిన్నును లావు పిన్నుగా మార్చే ముక్క అది. ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆ ఫొటోను మా పెళ్ళి ఫొటో కన్నా ఎక్కువసేపు చూసుకున్నాను.

మావయ్యగారికి ఒక పాత స్టీరియో ఉంది. క్యాసెట్ డెక్కు, బండరాయంత బరువున్న యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు. పై వాటాలో పసిపాప పుట్టిన దగ్గర్నుంచి ఆయన దాన్ని ముట్టుకోలేదు. వాళ్ళేమీ అనలేదు, ఈయనే మానేశారు. ఆ తర్వాత సాయంత్రాలు కుర్చీలో కూర్చుని గోడకేసి చూడడం అలవాటైందట. నేను కాపురానికి వచ్చేసరికి ఇల్లంతా ఆ నిశ్శబ్దమే. పోయిన వారం ఇంకో మాట కూడా అన్నారు: ఆదివారం పాత సామాన్లు కొనేవాడు వస్తాడు, మొత్తం ఇచ్చేస్తానని. ఆదివారం అంటే రేపే.

ఆ మాట విన్నాక, పోయేముందు శుభ్రంగానైనా పోనీ అని దుమ్ము తుడుస్తుంటే యాంప్లిఫయరు ముందు భాగంలో నల్ల టేపు అంటించి కనిపించింది. మా ఆయన చిన్నప్పుడు అక్కడున్న రంధ్రంలో పెన్సిల్ ముక్కలు కుక్కేవాడట, అందుకని మావయ్యగారు మూసేశారట. అత్తయ్య చెబుతూ నవ్వింది. నేను గోటితో గీకి టేపు ఊడదీశాను. రంధ్రం పక్కన చిన్న హెడ్‌ఫోన్ల బొమ్మ. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవరికీ తెలియని తలుపు దొరికినట్టు గంతేశాను. కానీ నా హెడ్‌ఫోన్ల పిన్ను అందులో వదులై ఊగిపోయింది. అదిగో, ఆ ముక్క కోసం మా ఆయన అప్పటినుంచీ తిరగని దుకాణం లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అంతా సిద్ధంగా ఉంది, మావయ్యగారు తప్ప.

"నన్నేమన్నా విమానం నడపమంటావేమిట్రా?" అన్నారు, హెడ్‌ఫోన్ల వంక చూసి.

ఒక్క పాట, తర్వాత మీ ఇష్టం అని బతిమాలాను. కొత్త కోడలి మాట తీసెయ్యలేక పెట్టుకున్నారు. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి వాదించుకునే పాట ఉన్న క్యాసెట్‌ను అత్తయ్యే ఏరి తీసిచ్చింది. ఆ పాట గొడవ నాకు ముందే తెలుసు. అందులో వేణువు ఉందని అత్తయ్య, లేదని మావయ్యగారు. వాళ్ళ దగ్గర ఆ ఊసెత్తకు అని పెళ్ళైన కొత్తలోనే మా ఆయన నన్ను హెచ్చరించాడు.

క్యాసెట్ తిరిగింది. గదిలో చప్పుడు లేదు. మావయ్యగారి వేలు కుర్చీ చేతి మీద తాళం మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎడమ చెవి మీది గిన్నె కాస్త ఎత్తారు, మళ్ళీ పెట్టుకున్నారు. కుడిది ఎత్తారు. కళ్ళు పెద్దవయ్యాయి.

"వేణువుందే," అన్నారు, తనకు వినబడక గట్టిగా.

మా ఆయన స్పీకర్ల తీగల వెంట చూపు పరిగెత్తించాడు. ఒకటి హాల్లో స్పీకరుకు. రెండోది గోడ వెంబడి పోయి గుమ్మం దాటి వంటింటి అలమర మీదికి. కాపురం పెట్టిన కొత్తలో, వంట చేసుకుంటూ అత్తయ్య కూడా వింటుందని మావయ్యగారే ఒకటి అక్కడ పెట్టారు. వాయిద్యాలు చెరో స్పీకరుకు విడిపోయినా, పాడే గొంతు రెండింట్లోనూ వచ్చేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వయొలిన్లు ఆయనకు, వేణువు ఆవిడకు. ఒకే ఇంట్లో, ఒకే పాటలో చెరో సగం విన్నారు, జీవితమంతా. ఇంజినీరింగ్ చదివిన మా ఆయన ఆ తీగ మీదుగా దూకుతూనే పెరిగాడు.

అత్తయ్య వంతు వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని పెట్టుకుంది. "ఇన్ని వయొలిన్లా," అంది నెమ్మదిగా. "ఇన్నాళ్ళూ నాకివ్వకుండా దాచుకున్నారా?"

"నువ్వు వేణువు దాచుకోలా?" అన్నారాయన.

చివరికి నేనూ విన్నాను. గొంతు సరిగ్గా నా నుదుటి మధ్య నిలబడి పాడుతోంది. ఒక పక్క వేణువు, ఒక పక్క వయొలిన్లు, వాటి వెనక ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. నా తలలో ఇంత పెద్ద గది ఉందని నాకు తెలియదు. కళ్ళు తెరిస్తే హాలు చిన్నగా కనిపించింది. పై వాటాలో పాప కిక్కురుమనలేదు.

మావయ్యగారు లేచి క్యాసెట్ల పెట్టె ముందు కూర్చున్నారు. దాన్ని ఒళ్ళోకి లాక్కుని మా ఆయన్ని పిలిచారు.

"ఒరేయ్, ఆ సామాన్లవాడికి రావద్దని చెప్పు. రేపు పొద్దున్నే మనిద్దరం దుకాణానికి పోదాం. ఒక రంధ్రానికి రెండు జతలు తగిలించే ముక్క కూడా ఉంటుందిగా, అది కావాలి. మీ అమ్మా నేనూ మొదటి క్యాసెట్ నుంచి మళ్ళీ వినాలి."