కర్ర లేని గోల్ఫు

పెరుగు గిన్నె మీద తన పసుపుపచ్చ ప్లాస్టిక్ డిస్కు మూతగా బోర్లించి ఉండటం చూసి బాబీ పొద్దున్నే తల్లితో గొడవకు దిగాడు. అది మూత కాదు, ఆటకు వాడేదని అతని బాధ. శారదాదేవికి మాత్రం, స్టీలు మూతల్లో ఒక్కటీ ఏ గిన్నెకీ సరిపోని ఆ ఇంట్లో, అంచుకు అంచు కుదిరి కూర్చున్న మొదటి మూత అది. మీగడ అంటితే చేతిలో జారుతుందని కొడుకు, సబ్బు పెట్టి కడిగితే పోతుందని తల్లి, కాఫీ చల్లారేదాకా వాదించుకున్నారు. చివరికి ఆవిడ విసుగెత్తి, డిస్కు కడిగి తెచ్చి, "ఇదిగో, నీ సొత్తు నువ్వే దాచుకో" అని వరండాలోంచి వాకిట్లో ఉన్న కొడుకు వైపు విసిరింది.

అది బాబీ తల మీదుగా, ఎక్కడా వంకర పోకుండా సాగి, గేటు అవతల మెత్తగా దిగింది. బాబీ గొడవ మరిచిపోయి, "అమ్మా, మళ్ళీ వెయ్యి" అన్నాడు.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న బాబీ ఆఫీసులో నేర్చుకున్న ఆట అది. డిస్క్ గోల్ఫ్ అంటారు. ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కింద బుట్ట ఉంటుంది. దూరం నుంచి విసిరిన డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. తక్కువసార్లు విసిరి వేసినవాళ్ళు గెలిచినట్టు. బాబీ మూడు బుట్టలు వెల్డింగ్ చేయించి, ఫిల్మ్ నగర్‌లోని తమ కాలనీ పార్కులో పెట్టుకుంటానని అసోసియేషన్ ప్రెసిడెంటు, సినిమా నిర్మాత సుబ్రహ్మణ్యం గారిని అడిగాడు. ఆ నిర్మాత మొదట తల అడ్డంగా ఊపాడట. గోల్ఫ్ అన్న మాట వినగానే మాత్రం కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడట.

నడవమని డాక్టరు చెప్పినా కదలని శారదాదేవి ఇప్పుడు తెల్లారేసరికి కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని పార్కులో ఉండేది. పక్కింటి సత్యలక్ష్మిని లాక్కుపోయేది. వంటపనికి వచ్చే నీలమ్మ కూడా దారిలో ఆగి రెండు విసుర్లు విసిరి వచ్చేది. పబ్లిసిటీ మనిషి భార్యగా శారదాదేవి ఇన్నేళ్ళూ సినిమా ఫంక్షన్లలో ముందు వరుసలో కూర్చుని ఇంకొకరి గెలుపుకు చప్పట్లు కొట్టింది. ఇప్పుడు తను విసిరినదానికి గొలుసులు గలగలమంటుంటే ఆవిడకు అదేదో కొత్త రుచి.

ఆ పబ్లిసిటీ మనిషి, ఆవిడ భర్త వెంకటరామయ్య, రిటైరై ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నాడు. ఆటకు పద్ధతిగా ఓపెనింగ్ చేయాలన్నాడు. పేరులోంచి గోల్ఫ్ తీసేద్దామని ఆఫీసులో కొందరు అంటున్నారని బాబీ నసిగాడు. అసలు గోల్ఫ్ వాళ్ళు తమను లెక్కలోకి తీసుకోరని, వాళ్ళ పేరు మోయడం దేనికని వాళ్ళ వాదన.

వెంకటరామయ్య కొట్టిపారేశాడు. "కొత్త హీరోని పరిచయం చేసేటప్పుడు పక్కన తెలిసిన మొహం ఒకటి ఉండాలిరా. లేకపోతే జనం హాల్లోకి రారు."

పార్కు గేటుకు బ్యానర్ కట్టించాడు. దాని మీద గోల్ఫ్ అన్న మాట వెళ్ళే బస్సులోంచి చదవగలిగినంత ఉంది; డిస్క్ అన్నది దగ్గరికి వెళ్ళి వెతుక్కోవాలి. మధ్యలో తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కర్ర పైకెత్తి నిలబడ్డాడు. ఈ ఆటలో కర్ర ఎక్కడుందని శారదాదేవి అడిగింది. కర్ర లేకపోతే గోల్ఫ్ అని ఎలా తెలుస్తుందన్నాడాయన.

ఆదివారం కొబ్బరికాయ కొట్టి, సినిమా ముహూర్తానికి మల్లే క్లాప్ కూడా కొట్టారు. టోపీలు పెట్టుకున్నవాళ్ళు బాగానే వచ్చారు. ఒకాయన కారు డిక్కీలోంచి కర్రల సంచీ దింపించి, గుంటలు ఎక్కడ తవ్వారని వాకబు చేశాడు. ప్రెసిడెంటు గారు విసిరిన మొదటి డిస్కు వేపచెట్టెక్కి కూర్చుంది. ఫొటో మాత్రం బాగా వచ్చిందన్నారు. రోజూ ఆడే ఆడవాళ్ళు మాత్రం కనపడలేదు. శారదాదేవి వెతుక్కుంటూ వెళ్తే సత్యలక్ష్మి, నీలమ్మ గేటు బయట నిలబడి ఉన్నారు.

"లోపలికి రాలేదేం?"

"గంత పెద్ద పటం పెట్టిండ్రు కదమ్మా," అంది నీలమ్మ. "టోపీలోల్ల ఆటేమో, మనది ఇంకో దిక్కు పెట్టిండ్రేమో అనుకున్న."

శారదాదేవి ఇద్దరినీ వెంటబెట్టుకుని లోపలికి వస్తుంటే సుబ్రహ్మణ్యం గారు ఎదురొచ్చాడు. వచ్చే వారం నుంచి కాలర్ టీషర్టు, తెల్ల బూట్లు ఉన్నవాళ్ళనే ఆడనిస్తామని ఎంతో మర్యాదగా చెప్పాడు.

"గోల్ఫ్ అంటే ఒక పద్ధతి ఉంటుంది కదమ్మా. చీరల్లో బాగుండదు. మీరు ప్రైజులు ఇవ్వండి, పెద్దవారు."

ఆవిడ నవ్వి నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. దారి పొడుగునా సత్యలక్ష్మితో మెల్లగా ఏదో మాట్లాడింది. ఇంటికి రాగానే రెండు ఫోన్లు చేసి, వంకాయ కూర పోపు పెట్టింది.

భోజనాల దగ్గర వెంకటరామయ్య హుషారుగా ఉన్నాడు. హౌస్‌ఫుల్ అన్నాడు. బాబీ తల ఎత్తకుండా అన్నం కలుపుతున్నాడు. డ్రెస్సు సంగతి కొడుకు చెప్పగా విని, ఆయన, "ఆ పేరు లేకపోతే ఆయన పార్కు ఇచ్చేవాడా?" అన్నాడు.

శారదాదేవి కాదనలేదు. ఇచ్చేవాడు కాదు, అది నిజమే. పేరు చూసి ఇచ్చినాయన ఆ పేరుతో వచ్చే బూట్లు కూడా అడుగుతాడు, అందులో ఆయన తప్పేముంది. ఆవిడ ఇద్దరికీ కూర వడ్డించి, తనూ కూర్చుంది.

"ఏమండీ, బుట్టలు మనవే కదా. రేపు పొద్దున్న మధురానగర్ పార్కుకు తీసుకుపోతున్నాం. సత్యలక్ష్మి మరిది అక్కడి కమిటీలో ఉన్నాడు. పిల్లలకు దెబ్బలు తగలకుండా చూసుకుంటారా అని ఒక్కటే అడిగాడు. చూసుకుంటాం అన్నాను."

"మరి ఆ ఆట పేరేంటని అడిగితే?" అన్నాడు వెంకటరామయ్య.

"ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. గోల్ఫ్ అని మాత్రం అనం. ఆ పేరు సుబ్రహ్మణ్యం గారికే వదిలేశాను, మీ బ్యానర్‌తో సహా."

వెంకటరామయ్య ముద్ద చేతిలో పట్టుకుని కొడుకు వైపు చూశాడు. బాబీ పళ్ళెం వైపు చూశాడు.

"టైటిల్ లేకుండా నన్ను పోస్టర్ ఎలా వేయమంటావు, శారదా?"

"వేయొద్దు. స్తంభాలు బరువుగా ఉన్నాయి, ఆరింటికి లేచి ఒక చివర పట్టుకోండి."