ఉక్కుపాటకు ఘోష తోడైన వృత్తాంతము

తొలకరి మేఘములింకను తూర్పుకనుమలపై వ్రాలని జ్యేష్ఠమాసపు సాయంసమయమది. దినమంతయు నిప్పులు చెరిగిన భానుబింబము పడమటి గిరిశిఖరముల చాటునకు జారుచుండగా సాగరమునుండి వెడలిన లవణగంధబంధురమగు గాలి విశాఖపట్టణపు చేపలరేవును దాటి మంచుగడ్డల కర్మాగారముల చల్లని యావిరిని మోసికొని ఇరుకువీధుల డాబాలపై ఆరవేసిన వలలను వస్త్రములను ఏకముగా నూపుచుండెను. అట్టి వీధియొకదానియందు గోడలకు పాతపరుపులు దాపి శబ్దము వెలికి పోనీక కట్టుదిట్టము చేసిన గదిలో కొందరు యువకులు గిటారులను డ్రమ్ములను ముందిడుకొని భీకరగానసాధన మొనర్చుచుండిరి. వారిది మెటల్ సంగీతబృందము. దాని పేరు కాలాయసము, అనగా నల్లయుక్కు.

ఆ బృందమున గాయకుడును పాటల కర్తయు కృపానందము. మేఘగంభీరకంఠుడైన యాతని హృదయమున నొక పాతశల్యము నాటుకొనియుండెను. ఆతని బాల్యమున నొక తుపానుదినమున తల్లి మార్తమ్మ తీవ్రజ్వరపీడితయై గడపకడకు ప్రాకివచ్చి, పొరుగుపాకలో సారా త్రాగుచున్న భర్త యోబును ఎలుగెత్తి పిలిచెను. అతడు రాలేదు. ఆసుపత్రికి కొనిపోవులోపలనే యామె ప్రాణములు విడిచెను. గాలిహోరులో పిలుపు వినబడలేదని యోబు బంధువులకును పాస్టరుగారికిని చెప్పుకొనెను. నాటినుండి యతడు సారా ముట్టక మంచుగడ్డల కర్మాగారమున కూలిచేసి స్వహస్తములతో వండిపెట్టి కొడుకును పెంచెను. తండ్రికొడుకులు సమస్తమును మాటలాడుకొనుచుండిరి గాని యా దినమునుగూర్చి మాత్రము ఎన్నడును నోరు మెదపరైరి. కొడుకు నోట మెదలని యనుమానమే పాటయై పుట్టెను. దానికి పిలుపు అని పేరిడెను.

అంతట కాకినాడనుండి సువర్చల యను నడివయసు స్త్రీ వారితో కలసి యొక ఆల్బము కూర్పవచ్చెను. చెడిన రేడియోలను కుట్టుమిషను మోటార్లను తీగలతో ముడివేసి శ్రుతిలయలకు లొంగని రొదనే కళగా నుపాసించు నాయిస్ సంగీతకారిణి యామె. వారి యుక్కుపాటలకు తన ఘోషను జోడించి రికార్డు చేయుచుండగా పాటలన్నియు సజావుగా సాగెను గాని పిలుపుకడ తగవు పుట్టెను. ఆ పాట నడిమి చరణముపై సువర్చల తన రొదను వరదవలె విడిచిపెట్టగా కృపానందము కోపోద్రిక్తుడై మైకును వదలి వచ్చెను.

"అక్కా, ఇక్కడ మాటలు ఇనబడాల. ఒక్క ముక్క కూడా ములిగిపోకూడదు."

"నువ్వు పాడుతున్నట్టు లేదయ్యా, ఎవరితోనో తగువాడుతున్నట్టుంది. ఎవరతను?"

"అది నీకెందుకు?"

సువర్చల యాతని ముఖమును తేరిపార జూచి యంత్రపు మీట తగ్గించెను. "సరే, నీ పాట నీ ఇష్టం. ఒకసారి జనంలోకి వెళ్ళాక మాత్రం వెనక్కి తీసుకోలేవు, చూసుకో" అని మాత్రమనెను. మాటలు తేటగా వినబడునట్లే రికార్డు ముగిసెను.

ఆల్బము వెలువడుటకు ముందు సముద్రతీరపు హాలులో కచేరి యేర్పాటయ్యెను. డ్రమ్ములు వాయించు తవిటినాయుడు నిష్కపటహృదయుడు. తల్లిని తలచి వ్రాసిన పాటయని యెరిగినవాడేగాని దాని యంతరార్థ మెరుగడు. కొడుకు కచేరిని తండ్రి చూడవలదా యని తలచి యతడు యోబును స్వయముగా పిలుచుకొనివచ్చి ముందువరుసలో కూర్చుండబెట్టి చెవులలో పెట్టుకొనుటకు దూదియు నిచ్చెను. ఆదివారము గుడికి ధరించు తెల్లచొక్కాతో యోబు ముడుచుకొని కూర్చుండెను.

దీపములు వెలిగినప్పుడుగాని కృపానందము తండ్రిని చూడలేదు. అప్పటికే పిలుపు మొదలై యుండెను. కొడుకు నోరు తెరచినంతనే యోబు చెవులలోని దూదిని తీసి జేబులో వేసికొని ముందునకు వంగి యాలకింపసాగెను. ఆ చూపు కృపానందమునకు కనబడెను. వెనుక డ్రమ్ములు తరుముచుండెను, నడిమి చరణము సమీపించుచుండెను, నిలుప శక్యము గాదు. అతడు సువర్చలవైపు తిరిగి చూచెను. ఆమె యాతని మొగమును, ముందువరుసలోని వృద్ధుని మొగమును చూచెను. అంతయు గ్రహించినదై యంత్రపు మీటను కడవరకు త్రిప్పెను. హాలు కంపించెను. కృపానందము చరణమంతయు ఒక్క పదమును విడువక గొంతు చించుకొని పాడెను. ఎవ్వరికిని ఒక్క పదమైనను వినబడలేదు.

కచేరి ముగిసినపిదప హాలు వెలుపలి మెట్లకడ తండ్రి యాతనికొరకై వేచియుండెను.

"బాగా అరిసినావురా. ఒక్క ముక్కా తెలవనేదు గానీ. అమ్మ గురించేనా?"

"అవును నాన్నా."

"మరి నన్నేటైనా అన్నావా?"

"అన్నాను."

"ఆ గోల లేకుండా సెప్పు. ఇంటాను."

సభాభవనమును నింపిన యా కంఠముతో కృపానందము తలవంచుకొని మెల్లగా చెప్పెను: "హోరు అడ్డమన్నావు, గుండె అడ్డమనలేదు. గడపలో ఆరిన దీపానికి గాలివి నీవే."

యోబు ఆదివారపు వాక్యము వినువానివలె చేతులు కట్టుకొని విని, సముద్రమువైపు మొగము త్రిప్పెను.

"హోరు అడ్డం రానేదురా. మీ అమ్మ పిలిసినాది నాకు ఇనబడింది. రెండోసారి కూడా ఇనబడింది. గలాసు కాళీ సేసి ఎల్దామనుకున్నాను."

ఎన్నియో యేండ్లుగా తాననుమానించినదే యైనను, పాటగట్టి పాడినదే యైనను, ఆ మాట తండ్రినోట వినినప్పుడు కృపానందమునకు గెలుపు తోపలేదు. ఆ మెట్టుపైననే చతికిలబడెను.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?"

"నువ్వు అడగనేదు. ఈరోజు అడుగుతాడు, ఈరోజు అడుగుతాడని భయపడతానే బతికినాను."

ఆ దినమున కొడుకు ఇంటికి పోలేదు. తవిటినాయుని యింట తలదాచుకొని కొన్నిదినములు గడపి, పిదప సువర్చలకడ కేగి ఆ చరణముపై ఘోషను మరల నెక్కింపుమని కోరెను.

"మాటలు వినబడాలన్నావు కదా!" యని యామె యాశ్చర్యపడెను.

"ఇనాల్సినోడు ఇన్నాడక్కా. ఊరికెందుకు?"

ఆల్బము వెలువడెను. శ్రోతలు కొందరు మెచ్చిరి, కొందరు తలనొప్పియనిరి. ఆ రొదలో నేమి పాడెనో చెప్పుమని యడిగినవారికి కృపానందము బదులీయలేదు. ఒకనాటి సాయంకాలము అతడు మూట భుజమున వేసికొని యింటికి మరలివచ్చెను. యోబు చేపలపులుసు వేడిచేసి రెండు కంచములు పెట్టెను. ఇరువురును ఎదురెదురుగా కూర్చుండిరి. కొడుకు తండ్రిని క్షమించెనని చెప్పజాలము, ఆ మాట యతడు నేటివరకు ననలేదు. కాని సత్యము పలుకబడిన యింట మనుష్యు డాకలిగొనును. తండ్రి గరిటె చాచినప్పుడు అతడు కంచమును ముందునకు జరిపెను.