మొదటి నుంచి చూపెట్టు

ఇప్పపూలు రాలి నేలంతా లేత పసుపు రంగుకు తిరిగిన చోట జీపు ఆపమని అడిగింది స్తుతే. వద్దని భీమ్లా రెండుసార్లు చెప్పాడు. "ఒక్క నిమిషమే అన్నా" అంటూ ఆమె అప్పటికే కెమెరా పట్టుకుని దిగిపోయింది.

అది 2007 మార్చి, రెండో శనివారం. చర్లకు అవతల అడవిలో ఉన్న అత్తగారింట్లో సునంద ఆడపిల్లను కన్నది. సునంద, స్తుతి, జెస్సికా భద్రాచలం హాస్టల్లో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివారు. ఇప్పుడు స్తుతి పాల్వంచలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. జెస్సికా మందుల షాపులో పనిచేస్తుంది. పసిపిల్లను చూసొస్తామంటే స్తుతి తండ్రి షాలేమ్‌రాజు ఒప్పుకోలేదు. చివరికి తను పనిచేసే ప్లాంటులో సెలవు పెట్టి తనే వాళ్ళతో బయలుదేరాడు. జీపు కారేపల్లి భీమ్లాది. నలభై ఏళ్ళవాడు, ఆ దారిలో వారానికి రెండుసార్లు కిరాయికి తిరుగుతాడు.

పిల్లను చూశారు, భోంచేశారు, ఫొటోలు తీసుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణమయ్యారు. చెట్టు కింద ఒక ముసలామె ఒంగి ఇప్పపూలు ఏరుతోంది. స్తుతి ఆమెను ఫొటో తీసింది. కెమెరా దించేసరికి ముసలామె బుట్ట అక్కడే వదిలేసి లోపలికి నడిచిపోతోంది. ఆమెను దాటుకుని చెట్ల మధ్య నుంచి ఆకుపచ్చ దుస్తులు వేసుకున్న ఐదుగురు వస్తున్నారు. అందరి చేతుల్లోనూ తుపాకులు.

"ఎవ్వరు కదలొద్దు" అన్నాడు ముందున్నవాడు. గొంతు పెద్దగా లేదు. సన్నగా ఉన్నాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. "ఎవరి ఫొటో తీసినవ్?"

"పూలు ఏరే అవ్వది అన్నా" అంది స్తుతి.

భీమ్లాను జీపు దగ్గరే ఉంచి ఒకడు కాపలా కాశాడు. మిగతా ముగ్గురినీ అడవిలోకి నడిపించారు. పది నిమిషాలు నడిచారేమో. ఎండుటాకులు కాళ్ళ కింద పెద్ద చప్పుడు చేస్తుంటే స్తుతికి ఎందుకో మెల్లగా అడుగెయ్యాలనిపించింది. రోడ్డు కనిపించకుండా పోయాక ఒక బండ మీద కూర్చోమన్నారు.

"ఏ ఊరు? ఏం పని చేస్తరు?"

షాలేమ్‌రాజు చెప్పాడు. యాభై ఆరేళ్ళ మనిషి, ఆ కుర్రవాణ్ణి మాటకొకసారి "అన్నా" అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా స్తుతి తల దించుకుంది.

"ఇది ఇక్కడ దొరికే కెమెరా కాదు. ఎక్కడిది? ఏమన్న దేశాలు తిరిగిండ్రా?"

"ఏడికీ పోలేదన్నా" అని జెస్సికా గబుక్కున అనేసింది. "మాది పాల్వంచనే. ఏడికీ పోలేదు."

అబద్ధమాడాలని జెస్సికాకూ లేదు. భయానికి నోటికొచ్చింది, అంతే. కానీ కెమెరాలో కార్డు నిండా ఉన్నవి ఆరు నెలల కిందటి ఫొటోలే. సింగపూర్లో వెల్డరుగా ఉన్న మేనమామ సుకుమార్ రమ్మని టికెట్లు పంపిస్తే అమ్మ, నాన్న, జెస్సికాతో కలిసి అక్కడి నుంచి రైల్లో మలేషియా, బ్యాంకాక్ దాకా తిరిగొచ్చిన ఇరవై రోజులు అందులో ఉన్నాయి. ఈ కెమెరా కూడా మామ ఇచ్చిందే.

కళ్ళద్దాలాయన కెమెరా ఆన్ చేయమన్నాడు. తెర మీద మొదట పూలు ఏరే ముసలామె కనిపించింది. సరిగా చూడకుండానే ఆయన వెనక్కి నొక్కాడు. సునంద బిడ్డ, మళ్ళీ సునంద బిడ్డ, ఆ తర్వాత ఎత్తైన మేడలు, వాటి ముందు నవ్వుతున్న జెస్సికా.

ఆయన జెస్సికా వైపు చూశాడు. కెమెరా స్తుతి చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మొదటి నుంచి చూపెట్టు. ఒక్కటి కూడ వదలొద్దు. ప్రతిదానికి ఎక్కడ, ఎవరు, ఎందుకు, చెప్పాలె."

మొదటి ఫొటో సుకుమార్ మామది. పసుపు హెల్మెట్టు చంకలో పెట్టుకుని తన డార్మిటరీ గేటు ముందు నిలబడ్డాడు.

"ఈయన మా అమ్మ తమ్ముడన్నా. సింగపూర్ల షిప్పులు కట్టేకాడ వెల్డింగు పని."

"ఎన్ని గంటల పని?"

స్తుతికి తెలియదు. మామ దగ్గర వారం రోజులున్నా ఎప్పుడూ అడగలేదు. షాలేమ్‌రాజే అందుకున్నాడు. "పన్నెండు గంటలన్నా. గదికి పదహారు మంది ఉంటరు. నేను చూసిన."

ఆయన తలూపాడు. స్తుతి బటన్ నొక్కింది. సముద్రం. పెనాంగ్‌లో అమ్మ ఇన్నమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, అలలను తిడుతున్నట్టు చూస్తోంది. ఆ రోజు ఆ ఫొటో చూసి నలుగురూ పగలబడి నవ్వారు. ఇప్పుడు అదే ఫొటో గురించి, నేరం ఒప్పుకుంటున్నట్టు, ఒక్కో మాటే కూడదీసుకుని చెబుతోంది స్తుతి. "ఇది మలేషియ. మా అమ్మ. సముద్రం చూసుడు అదే మొదటిసారి."

ముళ్ళపండు వాసనకు ముక్కు మూసుకున్న జెస్సికా. రైలు కిటికీలోంచి వరసగా రబ్బరు చెట్లు. రైల్లో పరిచయమైన ముసలి దంపతులు. ఆమె మాట్లాడుతూనే ఉంది, వేలు బటన్ నొక్కుతూనే ఉంది. లోపల మాత్రం లెక్కపెట్టుకుంటోంది. ఇంకా పదో, పన్నెండో. ఆ తర్వాత బ్యాంకాక్ వస్తుంది. బ్యాంకాక్‌లో ఆ ఫొటో ఉంది.

బ్యాటరీ గుర్తు ఎర్రగా మారింది. ఆరిపోతే బాగుండుననుకుంది. మరుక్షణమే, కావాలని ఆర్పిందనుకుంటాడేమోనని భయపడింది.

అంతలో దూరం నుంచి ఎవరో ఈల వేశారు. కళ్ళద్దాలాయన లేచి అటు వెళ్ళాడు. వాళ్ళ దగ్గర ఒక్క అమ్మాయి మిగిలింది. కోయపిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది. ఇంతసేపూ ఆమె కూడా తెర వైపే చూస్తోంది.

"గా నీళ్ళు... గోదారా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది.

"కాదు. సముద్రం."

"అవతలి ఒడ్డు?"

"కానరాదు."

ఆ పిల్ల నమ్మనట్టు చూసింది. తర్వాత తల తిప్పకుండానే మెల్లగా అంది. "ఆయన అడిగినప్పుడు ఏడవొద్దు. మొన్న ఒకడు ఏడ్చిండు."

ఆ మొన్నటి మనిషి ఏమయ్యాడని అడగడానికి ముగ్గురిలో ఎవరికీ నోరు రాలేదు. జెస్సికా స్తుతి మోచేతిని గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా స్తుతి కదల్లేదు.

కళ్ళద్దాలాయన తిరిగొచ్చాడు. "కానియ్."

బ్యాంకాక్ మొదలైన మూడు ఫొటోలకే అది వచ్చింది. రోడ్డు మధ్యలో మిలిటరీ ట్యాంకు, దాని గొట్టానికి పసుపు రిబ్బను. ముందు తుపాకులు పట్టుకున్న ఇద్దరు సైనికులు. వాళ్ళలో ఒకనికి గులాబీ అందిస్తూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నది స్తుతే.

"ఎవరు వీళ్ళు?"

"ఆ దేశం మిలిటరీ అన్నా."

"మిలిటరీతో నీకేం పని?"

"ఆ ఫొటో తీసింది నేను" అన్నాడు షాలేమ్‌రాజు. లేచి నిలబడ్డాడు. "బిడ్డది తప్పు లేదన్నా. ఏమన్న ఉంటె నన్నడుగుండ్రి."

"కూసో." వెనకనున్నవాడు తుపాకీ మొన షాలేమ్‌రాజు భుజానికి ఆనించాడు. ఆయన కూర్చున్నాడు. ఆ రోజు బ్యాంకాక్‌లో నాన్న ట్యాంకు దగ్గరికి రానని ఎంత మొత్తుకున్నాడో స్తుతికి గుర్తొచ్చింది. "తుపాకులున్నకాడ మనకేం పనే" అన్నాడు. తనూ జెస్సికా ఆయన పిరికితనానికి నవ్వి, చెయ్యి పట్టి లాక్కెళ్ళి, కెమెరా చేతిలో పెట్టారు.

"నిన్నే అడుగుతున్న. చెప్పు."

"మేం పోయే రెండు రోజుల ముంగట ఆడ మిలిటరీ వచ్చి ప్రభుత్వాన్ని దింపేసిందన్నా. మాకు తెల్వకుండనే పోయినం. రోడ్ల మీద ట్యాంకులున్నయి. జనం పోయి వాళ్ళకు పూలిస్తున్నరు, ఫొటోలు దిగుతున్నరు."

"మిలిటరీ పడగొడితె జనం పూలిచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు."

"ఎందుకు?"

"నాకు తెల్వదన్నా."

"నువ్వెందుకిచ్చినవ్?"

ఏడుపు గొంతుదాకా వచ్చింది. కోయపిల్ల తననే చూస్తోందని తెలుస్తోంది. స్తుతి మింగేసింది. ఏం చెబితే బతుకుతామో ఆలోచించడానికి ఇక శక్తి లేదు. నిజమే నోటికొచ్చింది. "అందరు ఇస్తుండ్రని ఇచ్చిన. ఒకామె నా చేతిల పువ్వు పెట్టి పొమ్మన్నది. పోయిన."

ఆయన చాలాసేపు తెరనే చూశాడు. అందులో ఏం వెతికాడో తెలియదు. తర్వాత కెమెరా తీసుకుని తనే నొక్కుకుంటూ చివరిదాకా వెళ్ళాడు. ఆఖరి ఫొటో దగ్గర ఆగాడు. ఇప్పపూలు, ఒంగిన ముసలామె. ఫొటో అంచున, రెండు చెట్ల సందున, ఆకుపచ్చ చొక్కా భుజం, సగం మొహం. తీసేటప్పుడు స్తుతి కళ్ళకు కనిపించనే లేదు.

ఆయన వెనక్కి తిరిగి ఆ సగం మొహం ఎవరిదో ఆ మనిషికి చూపించాడు. ఇద్దరూ కోయలో ఏదో అనుకున్నారు. షాలేమ్‌రాజు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నాడు.

ఆయన కెమెరా అడుగు మూత తీసి కార్డు బయటికి లాగాడు, జేబులో వేసుకున్నాడు. ఖాళీ కెమెరా స్తుతికిచ్చాడు.

"పొండ్రి. మీరు ఎవ్వర్ని చూడలేదు. ఎక్కడా ఆగలేదు. సమజైందా?"

"అవ్ అన్నా" అన్నాడు షాలేమ్‌రాజు.

రోడ్డు మీదికొచ్చేసరికి భీమ్లా జీపు చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళను చూసి లేచాడు. అతను జీపు స్టార్టు చేశాడు. రెండు కిలోమీటర్ల దాకా స్తుతి వెనక్కి తిరిగి చూడలేదు. వీపు మధ్యలో ఒక చోట మాత్రం మంటపెట్టినట్టుంది.

భద్రాచలం ఇంకా దూరముండగానే పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. పొద్దున వెళ్ళేటప్పుడు పేర్లు రాసుకున్న ఎస్సై అప్పటికీ అక్కడే ఉన్నాడు.

"మూడింటికల్లా వస్తమన్నరు. అయిదు దాటింది. ఎందుకింత ఆలస్యం?"

"టైరు పంచరైంది సార్" అన్నాడు భీమ్లా.

ఎస్సై నాలుగు టైర్ల వైపూ చూశాడు. స్టెప్నీ వైపు చూశాడు. తర్వాత స్తుతి ఒళ్ళో ఉన్న కెమెరా చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పి మూత తెరిచాడు.

"కార్డేది?"

"ఇంట్ల మర్చిపోయిన సార్."

"పసిపిల్ల ఫొటోలు తియ్యనీకి పోతున్నమన్నరు పొద్దున. కార్డు లేకుంట పోయినవా?"

ఎండలో నిలబెట్టి అడుగుతున్నాడు. మెడ వెనక చెమట కారుతోంది. ఇక్కడ నిజం చెబితే రేపు అడవిలో వాళ్ళకు తెలుస్తుంది, సునంద ఇల్లు అక్కడే ఉంది. చెప్పకపోతే ఈయన ఏమనుకుంటాడో.

"దీని మతిమరుపు సంగతి మీకు తెల్వదు సార్" అంది జెస్సికా. నవ్వడానికి చాలా కష్టపడి నవ్వింది. "బ్యాంకాకుల పాస్‌పోర్టు హోటల్ల మర్చిపోయి స్టేషన్ల కూసొని ఏడ్చింది. వాళ్ళ నాన్న ఉరికిపోయి తెచ్చిండు. అడుగుండ్రి."

"అవ్ సార్, నిజం" అన్నాడు షాలేమ్‌రాజు.

అది నిజమే. ఆ సాయంత్రం వాళ్ళు చెప్పిన మాటల్లో అదొక్కటే నిజం. ఎస్సై నలుగురి మొహాలూ ఒకటికి రెండుసార్లు చూశాడు. నమ్మలేదని అర్థమవుతూనే ఉంది. అయినా పుస్తకంలో ఏదో రాసుకుని, గేటు ఎత్తమని చెయ్యి ఊపాడు.

గోదావరి వంతెన దాటాక షాలేమ్‌రాజు జీపు ఆపించాడు. దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. స్తుతి నీళ్ళ సీసా పట్టుకుని పక్కన నిలబడింది. "అమ్మకు చెప్పకు" అన్నాడు మొహం కడుక్కుంటూ.

మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు క్లాసులో ఒక పిల్లవాడు వెనక నుంచి వచ్చి "టీచర్" అంటే స్తుతి కేక పెట్టింది. పిల్లలంతా బిత్తరపోయారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బట్టలు ఉతుకుతున్న తల్లి పక్కన కూర్చుని అంతా చెప్పేసింది. ఇన్నమ్మ చేతిలోని తడి చీర అలాగే పట్టుకుని వింది. చివర్లో ఒక్కటే అడిగింది.

"ఆ భీమ్లా మళ్ళ అటు పోతున్నడా?"

స్తుతి ఆ మాట ఆలోచించనే లేదు. మర్నాడు బస్టాండు దగ్గర జీపుల అడ్డాకు వెళ్ళి అడిగింది.

"పోకుంటె ఎట్ల చెల్లె? నా కిరాయిలన్ని ఆ దిక్కే" అన్నాడు భీమ్లా. అద్దం తుడుస్తూ చాలా మామూలుగా చెప్పాడు. కానీ గుడ్డ పట్టుకున్న చెయ్యి ఒకే చోట తిరుగుతోంది. "రేపు చర్ల పోవాలె. అడివిల ఆయనకు నా జీపు నంబరు తెలుసు. చెక్‌పోస్టుల గీయనకు నా పేరు తెలుసు. ఇద్దరి నడుమనే నడపాలె."

"పోయి వచ్చినంక ఒక మిస్డ్ కాల్ ఇయ్యన్నా" అంది స్తుతి. "భద్రాచలం దాటినంకనే."

అతను సరేనన్నాడు. నంబరు అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు.

మర్నాడు స్తుతి ఫోను సైలెంటులో పెట్టకుండా టేబుల్ మీదే ఉంచుకుని పాఠం చెప్పింది. రెండయింది. మూడయింది. నాలుగింటికి బడి వదిలారు, పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె ఖాళీ క్లాసులోనే కూర్చుంది. నాలుగున్నరకు ఫోను రెండుసార్లు మోగి ఆగింది. భీమ్లా నంబరే. ఆమె తల బల్ల మీద ఆనించి, అడవిలో మింగేసిన ఏడుపంతా ఏడ్చింది.