మా ఆవిడ చెప్పింది

కిటికీ ఎత్తు కొలవడానికి సల్కిన్ స్టూలెక్కి టేపు పైకి పట్టుకుంది. కింద నిలబడి రెండో కొస పట్టుకున్న కలీపా మొహం వెలిగిపోతోంది.

"మా ఇంట్లో మొదటి పరదా మీ చేత్తోనే పడాలని ఆగానక్కా. అసలీ ఇల్లు తీసుకున్నదే మీ మాట మీద."

సల్కిన్ చేతిలోంచి టేపు జారి సర్రున చుట్టుకుపోయింది.

"నా మాటా? నేనెప్పుడు చెప్పానే నీకు?"

"మీరు కాదులెండి, బావగారు. మీరు కొట్లో లేనప్పుడొచ్చి అడిగాను, ఏ బిల్డరు మంచివాడని. 'నీలం క్రేను వాళ్ల దగ్గర తీసుకో, మా ఆవిడ చెప్పింది, మేమూ అక్కడే తీసుకున్నాం' అన్నారు. పైగా వాళ్లు చూపించే నమూనా ఫ్లాటులో మీ పరదాలే ఉన్నాయి కదా! అవి చూశాక ఇంకేం ఆలోచిస్తాను? మాస్కోలో ఎవరెవరి ఇళ్లలోనో నేలలు తుడిచిన నా కష్టమంతా ఈ గోడల్లోనే ఉంది. తాళాలిచ్చేశారు, వచ్చేవారం చివరి సంతకం పెట్టాలి. చల్లగా ఉండమని దీవించండక్కా."

సల్కిన్ స్టూలు దిగి ఉత్తరం గోడ మూల అరచెయ్యి ఆనించింది. బయట ఏప్రిల్ ఎండ కొండల మీద మంచును కరిగిస్తోంది. గోడ మాత్రం బావిలోంచి తీసిన రాయిలా ఉంది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. సరుకు చూడకుండా ధర చెప్పడం తన అలవాటు కాదు.

"సంతకం మాత్రం నేను మళ్లీ వచ్చేదాకా పెట్టకు," అని టేపు సంచిలో వేసుకుంది.

బిష్కెక్‌లో కొత్త ఇళ్లను ఒట్టి గోడలతో అప్పగిస్తారు. నేల, రంగు, తలుపులు అన్నీ కొన్నవాళ్లే చేయించుకోవాలి. అన్నీ అయ్యాక చివర పరదాలు. దోర్దోయ్ బజారులో కొట్లుగా మార్చిన ఓడ సరుకుల ఇనప పెట్టెల వరసలో పరదాలమ్మే సల్కిన్‌కు అందుకే ఊళ్లోని కొత్త భవనాలన్నీ లోపలినుంచి తెలుసు. బజారులో వాటికి బోర్డుల మీద పేర్లు కాదు, క్రేన్ల రంగులే పేర్లు. పరదా వేలాడదీశాక అంచు ఒకవైపు నేలను రాసుకుని, రెండోవైపు గాలిలో తేలితే నేల వాలిందన్నమాట. రెండో చలికాలం దాటాక కొన్ని పరదాలు తిరిగొస్తాయి, అంచుల నిండా నల్లటి బూజు మచ్చలతో. మార్చమని తెచ్చినవాళ్లను ఏ భవనమని అడిగితే ఎక్కువమంది నీలం క్రేనే అనేవారు. పసుపు క్రేను వాళ్లు నత్తనడక, లిఫ్టు పెట్టడానికే ఏడిపిస్తారు, ఫోను చేస్తే విసుక్కుంటారు. కానీ వాళ్ల ఇళ్లకు కుట్టిన పరదా ఒక్కటీ మచ్చపడి వెనక్కి రాలేదు. నీలం క్రేను వాళ్లకు పలకరింపెక్కువ, గోడల్లో పస తక్కువ. ఈ లెక్క ఆమె అడిగినవాళ్లకు చెప్పేది, అడగనివాళ్లకు చెప్పేది కాదు. అలా చెప్పీ చెప్పీ, ఇల్లు కొనే ఆడవాళ్లు ముందు సల్కిన్ కొట్టుకొచ్చి టీ తాగి, ఆ తర్వాతే బిల్డరు దగ్గరికి వెళ్లడం రివాజైంది.

మొదట్లో ఆమె మొగుడు జిర్గల్‌కు ఇదంతా నవ్వులాట. "గుడ్డలమ్ముకునేదానికి గోడల సంగతేం తెలుసే? రేపు ఇంజనీర్లు నీ కొట్టు ముందు వరస కడతారేమో!" అనేవాడు. పోయిన చలికాలం ఎందుకో మెత్తబడ్డాడు. భోజనాలయ్యాక పక్కన కూర్చుని అడిగేవాడు: ఎవరెవరొచ్చారు, ఎవరికి ఏం చెప్పావు, ఎవరు నమ్మారు. ఇన్నాళ్లకు మనిషి తన మాట వింటున్నాడని సల్కిన్ మురిసిపోయింది. అడిగిందానికీ అడగనిదానికీ చెప్పింది. సొంతిల్లు తప్పనిసరైంది కూడా. తల్లిదండ్రుల ఇల్లు చిన్న కొడుక్కే దక్కుతుంది, పెద్ద కొడుకులు బయటికి నడవాలి. ఆ పద్ధతితో ఆమెకు పేచీ లేదు, తన పుట్టింట్లోనూ అంతే. శరత్తులో మరిది పెళ్లి. అప్పటికి పసుపు క్రేను వాళ్ల దగ్గర రెండు గదులు చూసుకుందామంటే జిర్గల్ బుద్ధిగా తలూపాడు. "నువ్వు ఎంచిందే ఎంపిక" అన్నాడు. కొట్టు సంపాదన అతని చేతిలోనే పెట్టింది. ఆ ఇంటి కోసమే దాచుకున్న ద్రాక్షరంగు మఖమల్ పరదాలు ఒక స్నేహితుడి పెళ్లింటికి కావాలని అతను అడిగితే, మడతపెట్టి మరీ ఇచ్చింది.

కలీపా ఇంటినుంచి నేరుగా వెళ్లి చూస్తే, నమూనా ఫ్లాటులో ఆ మఖమల్ పరదాలే ఉన్నాయి. కిటికీకి కాదు, కిటికీ పక్క గోడకు, పైనుంచి నేలదాకా. సల్కిన్ వంగి అంచు ఎత్తింది. వెనక గోడంతా బూజు, కాలిన రొట్టె అడుగులా.

"అయ్యో, అది కదపకండక్కా, అక్కడే ఉండాలన్నారు," అంటూ అమ్మకాల పిల్ల పరుగెత్తుకొచ్చింది. "మీరు కూడా సల్కిన్ అక్క పంపితే వచ్చారా? ఆవిడ పేరు చెబితే తగ్గింపుంది. ఆవిడ భర్త చాలామందిని తెచ్చారు. ఆయనకైతే తొమ్మిదో అంతస్తులో సగం ధరకే ఇచ్చాం."

"ఎవరి పేరు మీద రాశారమ్మా?"

"వాళ్లమ్మగారి పేరు మీద."

సల్కిన్ పరదా అంచు వదిలేసింది. అక్కడున్న స్టూలు లాక్కుని ఎక్కి, కొక్కేలు ఒక్కొక్కటే తప్పించింది.

"ఏంటక్కా ఈ పని? ఎవరు మీరు?"

"ఈ పరదాలు కుట్టినదాన్ని."

గోడను గోడలా వదిలేసి, మఖమల్ మడత భుజాన వేసుకుని బస్సెక్కింది. దారంతా ఒకటే ఆలోచన. అబద్ధమాడాడు, సరే, మొగుళ్లు ఆడతారు. ఇల్లు తల్లి పేరున రాశాడు, అదీ లోకంలో లేనిది కాదు. కానీ పొయ్యి పక్కన కూర్చుని తన మాట విన్నాడే, ఆ వినడం కూడా బేరమేనా? తన జన్మలో ఎవరైనా తనను అంత శ్రద్ధగా విన్నది ఆ ఒక్క చలికాలమే. కొనే ముందు గొర్రె వీపు నిమిరి చూసే దళారి చెయ్యిని, తను ఆప్యాయత అనుకుంది.

ఇంట్లో టీ నీళ్ల సమోవార్ కాగుతోంది. జిర్గల్, అతని తల్లి బల్ల ముందు కూర్చుని ఉన్నారు. టీ పోసే చోటు కోడలిది. ఆ చోటు ఖాళీగా ఎదురుచూస్తోంది. గుమ్మంలో సల్కిన్ భుజం మీది మఖమల్ చూసి జిర్గల్ చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"తెలిసిపోయిందన్నమాట," అన్నాడు. "చూడు, నీకోసమే కదా చేసింది. ఇల్లు ఇల్లే. క్రేను ఏ రంగైతే ఏంటి?"

"కలీపాకు నా పేరు చెప్పావు."

"పేరేగా వాడుకున్నాను! అరిగిపోయిందా?"

"సరుకు కాలిపోతే మళ్లీ తెచ్చుకుంటాను. మాట ఏ గోదాములో దొరుకుతుంది?"

"అబ్బో, పెద్ద మాటకారి! బజారు ఆడంగులు నీ మీద నిఘా పెట్టి కూర్చున్నారా? రెండు రోజులు గొణుక్కుని మర్చిపోతారు."

అత్తగారు రొట్టె ముక్క తుంచుతూ కలగజేసుకుంది. "నా పేరునుంటే పరాయి పేరునున్నట్టా కోడలా? రేపు నువ్వు పోట్లాడి పోయావనుకో, నా కొడుకు నెత్తిన కప్పు ఉండొద్దూ? నోరు మూసుకుంటే అందరికీ మంచిది. మొగుడి పరువు వీధిలో పెట్టిన ఆడది బాగుపడినట్టు నేను వినలేదు."

"కలీపా ఇంకా సంతకం పెట్టలేదు అత్తయ్యా. పొద్దున్నే తనకు చెబుతాను. పెట్టేసినవాళ్లకూ చెబుతాను, నేనే ఇంటింటికీ వెళ్లి. ఆ మాట నాది కాదని, ఎవరిదో కూడా."

జిర్గల్ లేచి నిలబడ్డాడు. "చెప్పి మళ్లీ ఏ మొహంతో ఈ ఇంటికొస్తావు?"

సల్కిన్ మఖమల్‌ను గడప పక్కన పెట్టి, తన చోట్లో కూర్చుంది. పెళ్లయిన తొలి నెలలో చుట్టాలకు టీ గిన్నెలు నిండా పోస్తే ఈ అత్తగారే తొడ గిల్లింది. "అంచుదాకా పోస్తావేంటే! తాగేసి బయల్దేరమనా? కొంచెం కొంచెం పొయ్యి, మళ్లీ మళ్లీ పొయ్యి. ఉండమని చెప్పడం అలాగే." అప్పటినుంచీ ఆమె చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. అందరికీ కొంచెం కొంచెం, మళ్లీ మళ్లీ. పోసేవాళ్లకు చివర మిగిలేది చల్లారిన నీళ్లే.

అత్తగారి గిన్నెలో అడుగున కొంచెం పోసి, రెండు చేతులతో అందించింది. జిర్గల్ గిన్నెలోనూ అంతే పోసి, మర్యాదగా జరిపింది. తర్వాత తన గిన్నెలో కాస్త డికాషన్ వంపుకుని సమోవార్ కొళాయి కింద పెట్టింది. సగం దాటినా కొళాయి కట్టలేదు. టీ అంచు దాకా వచ్చి, కాస్త ఉబ్బి, ఒక్క చుక్క పక్కకు జారింది.

అత్తగారు రొట్టె నమలడం ఆపేసింది. "ఏంటే అది? చూసుకోకుండా నింపేశావు."

"చూసే నింపుకున్నాను అత్తయ్యా," అంది సల్కిన్, గిన్నెను రెండు చేతులా ఎత్తుకుంటూ.