చూడని వస్తువు

మండుటెండకు ముందు వచ్చు స్వల్పకాలపు చల్లదనమును ఒడలెల్ల కప్పుకొని వైశాఖమాసపు నాగావళి ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయయై మందముగా ప్రవహించుచుండెను. తీరమందలి మామిడితోపులో చిలుకలు పండ్లను సగము కొరికి సగము జారవిడుచుచు కలకలము చేయుచుండ, ఆ తోపునకు ఎదురుగానున్న పేరివారి లోగిలిలో బంధుజనము చేరి నవ్వుచు పరాచికములాడుచుండిరి. ఆ యింటి కోడలు జోగమాంబకు మాత్రము ఆ నవ్వులలో నొక్కటియు చెవికెక్కలేదు.

వివాహమై పదునాలుగేండ్లు గడచినను సంతానమెరుగని ఆమె, పురిటిలోనే తల్లిని పోగొట్టుకొనిన ఒక శిశువును ఏడు నెలల క్రిందట తన యొడికి తెచ్చుకొనెను. భర్తయగు సర్వేశముగారి జ్ఞాతికుమారుడే ఆ బాలుడు. వాని తండ్రి పొలముగట్టు తగవులో సొంత తమ్ముని కత్తితో పొడిచి చెరసాలలో మరణించినవాడు. కావున అత్తగారు బుచ్చినరసమ్మ దత్తతకు ఒక్క నియమము విధించెను. అన్నప్రాశననాడు ఎదుట నుంచిన వస్తువులలో బాలుడు కత్తిని పట్టెనేని దత్తహోమము జరుగదు. వానిని మేనమామల యింటికి పంపివేయవలెను.

"వాడి ఒంట్లో ఏముందో వాడే చెపుతాడు. నువ్వూ నేనూ పోట్లాడుకోవడమెందుకు?" అని ఆ వృద్ధురాలు తేల్చివేసెను.

నాటినుండి జోగమాంబ అత్తగారికి తెలియకుండ వానికి పాఠము మొదలిడెను. ప్రతిదినము ప్రాతఃకాలమున పుస్తకము నొకదానిని ముందుంచి, వాడు దానిపై చేయి వేసినప్పుడెల్ల చప్పట్లు చరచి నాలుకపై తేనెబొట్టు రాసెను. అంతియకాక కత్తిపీట మొదలు అడకత్తెర దాక పదునుగల ప్రతి వస్తువును గొడ్లచావడికి తరలించి వాని కంటపడకుండ దాచెను.

"పోకచెక్క కత్తిరించుకోవాలంటే నేను ఆవు పక్కన నిలబడాలటే?" అని సర్వేశముగారు వేళాకోళమాడినను ఆమె పట్టు విడువలేదు.

అన్నప్రాశన ముహూర్తమైనది. చాపపై పుస్తకము, బంగారు చేతిమురుగు, మట్టిగడ్డ, వరికంకి, కత్తి వరుసగా అమర్పబడెను.

"ఏమయ్యా పెద్దమనిషీ, మురుగు పట్టుకో. మా అందరికీ కాసులపేర్లు చేయిద్దువుగాని!" అని పొరుగింటి సుందరమ్మ వానిని కవ్వించెను.

బాలుడు మోకాళ్లపై పాకుచు తిన్నగా పుస్తకమును చేరి దానిపై అరచేయి నుంచెను. జోగమాంబ ప్రాణము కుదుటపడెను. కాని వాడు నిత్యపరిచితమైన ఆ అట్టను రెండు క్షణములు తడివి, విసుగుచెందినవానివలె దానిని దాటిపోయెను. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఎన్నడును చూడని యొక వస్తువు ఎండపొడ సోకి తళుక్కున మెరయుచుండెను. వాడు దాని పిడిని పిడికిట బిగించి పైకెత్తెను.

"చూశావుటే?" అనెను అత్తగారు. ఆ కంఠమున కోపము లేదు, భయమున్నది.

జోగమాంబ దిగ్గున లేచెను. ఆమె కన్నులలోని కలవరమును చూచినంతనే వాని పెదవులు వణకెను, పిడికిలి మరింత బిగిసెను, కత్తిమొన చెక్కిలివైపు ఒరిగెను. సుందరమ్మ కెవ్వుమనగా వాని ముఖము ఇంకను వికృతమయ్యెను. లాగుకొనిన తెగును, అరచిన అదరును. వాడు కత్తి యెట్టిదో కత్తిని చూచి కాదు, తమ ముఖములను చూచి నేర్చుకొనుచున్నాడని మెరుపువలె ఆమెకు తోచెను.

ఆమె మెల్లగా కూర్చుండి, చేయి చాచి, నవ్వెను.

"ఏదీ, అమ్మకియ్యి నాన్నా."

వాడొక్క నిమేషము ఆమెనే చూచెను. పిదప తానును బోసినోట నవ్వి కత్తిని ఆమె అరచేతిలో విడిచెను.

ఆమె వానిని ఎత్తుకొని అత్తగారివైపు తిరిగి కన్నీటితో చెప్పెను. "అత్తయ్యా, తప్పు వాడిది కాదు. తేనె రాసి పుస్తకం అలవాటు చేశాను. కత్తి కంటపడకుండా దాచాను. చూడని వస్తువు కనకనే అటు పాకాడు."

"మరి తిరిగి ఎందుకిచ్చాడే?"

"నేను నవ్వాను గనక."

బుచ్చినరసమ్మ బాలుని ముఖమును, కోడలి ముఖమును మార్చిమార్చి చూచెను. తుదకు కుమారునివైపు చూచి, "సర్వేశం, హోమానికి సమిధలు తెప్పించు," అని, కోడలితో మెల్లగా అనెను. "నా భయం ఇంకా పోలేదే అమ్మాయ్."

"నాకూ పోలేదత్తయ్యా," అనెను జోగమాంబ.

అది సత్యము. ఇకపై వానికి కోపము వచ్చినప్పుడెల్ల ఆ చిన్నికన్నులలో చచ్చిన తండ్రిని వెదకుదునేమో యని ఆమె శంకించెను. అంతలో బాలుడు ఆమె భుజమునుండి వెనుకకు వంగి ఆమె ముఖమును తదేకదృష్టితో పరీక్షింపసాగెను. తండ్రి వానికేమి యిచ్చిపోయెనో ఎవ్వరెరుగుదురు? తాను ఇచ్చునది మాత్రము ఈ క్షణమున తన ముఖముననే యున్నదని ఆమె యెరింగి, కనుబొమ్మల ముడిని విప్పుకొనెను.