పన్నెండు కుర్చీలు

ఆ పేటలో ఆవిడ పేరు ఎవరికీ పట్టలేదు. గాలి చొరని మూతల డబ్బాలు అమ్మే కంపెనీకి ఏళ్ల తరబడి కన్సల్టెంటుగా తిరుగుతోంది కనుక అందరికీ డబ్బాలావిడే. మంచి పనులు చేసే సంఘాల దగ్గరికి వెళ్లి, "మీ వాళ్లను ఒకచోట చేర్చండి, నేను డబ్బాలు చూపిస్తాను, అమ్మినదాంట్లో మీ సంఘానికి వాటా" అని ఒప్పించి తేదీ రాయించుకోవడం ఆవిడ పని.

ఆ రోజు కిడ్నీ రోగులను ఆసుపత్రికి చేర్చే వ్యాను సంఘానికి వెళ్లింది. వ్యానుకు టైర్లు అరిగిపోయి వాళ్లూ ఇబ్బందిలోనే ఉన్నారు. సెక్రటరీ రిటైరైన నర్సు, గట్టి మనిషి.

"చెయ్యొచ్చు గానీ తల్లీ, మా హాలు పైకప్పు విప్పేశారు. మీ ఇంట్లో పెట్టకూడదూ?" అంది.

డబ్బాలావిడ ఎన్ని వందల ఇళ్లు తిరిగిందో లెక్కలేదు గానీ తన గడప తొక్కిన వాళ్లు మాత్రం లేరు. భర్త పోయిన ఈ మూడేళ్లలో మీటరు చూసే మనిషి తప్ప ఎవరూ లోపలికి రాలేదు.

"పెడదాం. బుధవారం నాలుగింటికి," అంది. తేదీ రాసుకున్నాక కూడా కదల్లేదు. "అమ్మకం అరగంటలో అయిపోతుంది వదినా. తరువాత కాసేపు కూర్చుని వెళ్లొచ్చు, తొందరేం లేదు."

ఆవిడకు కావలసింది అదే. డబ్బాలు పోతే పోయాయి, పోకపోతే మానె. నలుగురు తన ఇంట్లో కూర్చుని ఊసుపోక మాట్లాడుకుంటే చాలు.

పన్నెండు మంది వస్తారని కబురు వచ్చింది. ఇల్లంతా కడిగింది. ఇంట్లో నాలుగు కుర్చీలు ఉంటే, పక్కింటి టైలరమ్మ దగ్గర ఇంకో ఎనిమిది తెచ్చుకుంది.

"ఏంటక్కా, ఇంట్లో సినిమా ఆడిస్తున్నావా?" అంది టైలరమ్మ.

"ఆడిస్తున్నాను. నువ్వూ రా."

"నా మిషను వదిలితే గదా."

బుధవారం నాలుగింటికి అందరూ వచ్చి కుర్చీలు నిండేలా కూర్చున్నారు. ఇక ఆవిడ నోటికి అడ్డేముంది? డబ్బాలో నీళ్లు పోసి, సెక్రటరీ ఒళ్లో తలకిందులు చేసి చూపించింది. చుక్క కారలేదు.

"మా ఆయన నోటికి పట్టే మూత ఉందా ఇందులో?" అంది సెక్రటరీ.

"ఆ సైజు కంపెనీ ఇంకా చెయ్యలేదు వదినా."

గదిలో అందరూ గొల్లున నవ్వారు. అరగంటలో పన్నెండు ఆర్డర్లూ రాసేసుకుంది. టీ తెచ్చింది. కప్పులు అందించాక ఏం చెయ్యాలో తోచక గోడవారగా నిలబడింది. ఆర్డర్ల పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది.

ఎదుటి కుర్చీలోని మనిషి ఆ పుస్తకం వంక చూసి ఇబ్బందిగా నవ్వింది. "ఇంకేం వద్దమ్మా, నాకు చాలు."

"అయ్యో, అందుకు కాదు," అంది డబ్బాలావిడ. పుస్తకాన్ని కొంగు చాటుకు తోసింది.

"పాపం నిలబడే ఉంది. మనం లేస్తే గానీ నడుం వాల్చలేదు," అని ఒకరు పక్కవాళ్ల చెవిలో అన్నారు. ఒకరు లేచారు, ఆ వెనకే అందరూ లేచారు. అప్పటికి ఐదు కూడా కాలేదు.

సెక్రటరీ వెంట వచ్చిన వాళ్ల పిన్ని మాత్రం మోకాళ్లు పట్టేసి కుర్చీలోనే ఉండిపోయింది. పెద్దావిడ గదంతా కలయజూసింది.

"ఏమ్మా, నీ కుర్చీ ఏదీ?"

అప్పుడు లెక్కపెట్టుకుంది డబ్బాలావిడ. పన్నెండు మందికి పన్నెండే. అమ్మకానికి వెళ్లినచోట నిలబడి నిలబడి, తనకూ ఒకటి కావాలన్న ఊహే రాలేదు.

"మర్చిపోయానండీ."

"బాగుంది సంబడం. ఇలా వచ్చి కూర్చో," అంటూ పెద్దావిడ పక్క కుర్చీ తట్టింది. ఆవిడ కూర్చుంది. పెద్దావిడ మోకాళ్ల సంగతి చెప్పి, మేడమీద అద్దెకున్న వాళ్ల గొడవలోకి దిగింది. "ఆ మహాతల్లి ఏం చేసిందనుకున్నావ్, తెల్లారి లేచి మా తలుపు ముందు..."

బయట వ్యాను హారను మోగింది. "పిన్నీ, రోగులను దింపే వేళవుతోంది," అని సెక్రటరీ కేక వేసింది. పెద్దావిడ మాట సగంలోనే ఆపి, డబ్బాలావిడ భుజం పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మూడు వారాలకు సరుకు వచ్చింది. సెక్రటరీ ఫోను చేసి, "మీకెందుకు శ్రమ, మా డ్రైవరు వచ్చి ఒక్కసారే పట్టుకొస్తాడు," అంది. వద్దనడానికి సాకు దొరకలేదు.

డ్రైవరు వచ్చి సంచులు మోసుకెళ్లి, తిరిగి లోపలికి వచ్చాడు. "పదకొండే ఉన్నాయమ్మా."

"పిన్నిగారి డబ్బాకు అడుగున గీత పడ్డట్టుంది," అంది డబ్బాలావిడ. గీతా లేదు, గాటూ లేదు. తన సరుకుకు తానే వంక పెట్టడం ఆవిడకు అదే మొదలు. "ఆవిడ చూసుకుని తీసుకుంటే మంచిది."

"ఇలా ఇవ్వండి, నేను చూపిస్తాను."

"వద్దు నాయనా. ఆవిడే రావాలి."

"ఎప్పుడు రమ్మనమంటారు మరి?"

"ఎప్పుడైనా సరే," అంది ఆవిడ. "నేను ఇంట్లోనే ఉంటాను."