మోగని కడ్డీ

వేద మళ్ళీ కోట్లు తగిలించే అల్మారాలో దూరి కబుర్లు చెబుతోంది. వంటింట్లోకి వినిపిస్తోంది. స్పందన చేతిలో చపాతీ కర్రతోనే పరుగెత్తి తలుపు లాగింది. ఏడేళ్ల పిల్ల తుపాకి పెట్టెకు చెవి ఆనించి, స్కూల్లో ఎవరు ఎవర్ని తోసేశారో పూసగుచ్చినట్టు చెబుతోంది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

"డాడీతో. డాడీ దీంట్లోనే ఉన్నాడు మమ్మీ. స్మెల్ చూడు."

పిల్లది అబద్ధమని కసురుకుందామంటే, ఆ వాసన స్పందనకూ వస్తోంది మరి. కాల్చని చిచ్చుబుడ్డి పొట్లం విప్పితే వచ్చే గంధకం వాసన.

తేజేశ్వర్ పోయి ఏడాది కావస్తోంది. వారమంతా షాంటిలీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, నవంబర్ వచ్చిందంటే చాలు, మూతిలోంచి మందు పోసి దట్టించే పాతకాలపు రైఫిల్ ఒకటి భుజాన వేసుకుని జింకల వేటకు బయల్దేరేవాడు. కిందటేడు అలాగే వెళ్ళి, కాపు కాస్తూ కాస్తూ చెట్టుకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే ఆగిపోయాడు. ముప్పై తొమ్మిదేళ్లకే గుండెపోటేమిటండీ, దేవుడికి బుద్ధీ జ్ఞానం ఉండక్కర్లేదూ! వెంట వెళ్ళిన స్నేహితుడు జితేందరే రైఫిల్ని ఇంటికి చేర్చాడు. "క్యాప్ తీసేసిన వదినా, ఇగ ఖాళీదే," అన్నాడు. నిప్పు పుట్టించే ఆ బుల్లి క్యాప్ తీసేస్తే తుపాకి ఖాళీ అయినట్టేనని వేటగాళ్ల లెక్క. ఆ దుఃఖంలో ఎవరు మాత్రం లోపల చూడబోయారు?

మొన్న దసరాకి ఆయుధపూజ చేసుకున్నారు. కారుకీ ల్యాప్‌టాప్‌కీ బొట్టు పెట్టిన చేత్తోనే స్పందన తుపాకినీ బయటికి తీసింది. దట్టించే ఇత్తడి కడ్డీని పూజ కుందులతో పాటు చింతపండు వేసి తోమేసింది. దాని మీద నల్లగా ఏవో రెండు గీతలుంటే, మరకలనుకుని మరీ గట్టిగా రుద్ది వదిలించింది. వేద తుపాకి మూతికి కుంకుమ బొట్టు పెట్టి మురిసిపోయింది.

ఇప్పుడు మాత్రం ఆ పెట్టె ఒక్కరోజు కూడా ఇంట్లో ఉండటానికి వీల్లేదనిపించింది స్పందనకు. ఉంటే పిల్లకి పిచ్చెక్కుతుంది. పిల్లకి కాకపోతే తనకి. జితేందర్‌కి ఫోన్ చేసి పట్టుకుపొమ్మంది.

"రేంజ్‌ల ఒక్కపారి పేల్చి చూసి తీస్కపోత. నువ్వు గూడ రా వదినా. అన్న చేతిది గద," అన్నాడు.

శనివారం వేదని పక్కింటి తార దగ్గర వదిలి వెళ్ళింది. తుపాకులు కాల్చే ఆ రేంజ్‌లో జితేందర్ బల్ల మీద సరంజామా అంతా పరిచాడు. రెండు డబ్బాల మందు, పక్కనే తళతళలాడే డిజిటల్ త్రాసు.

"ఇది అసలు బ్లాక్ పౌడర్. పొగ, మసి, పేల్చినంక గంటసేపు కడుగుడు. ఇది దాని సబ్‌స్టిట్యూట్, జర క్లీన్. ఇదే పోస్త. హండ్రెడ్ గ్రెయిన్స్ బరువు, జర్రంత తేడా రాకుంట తూస్త చూడు."

"అయ్యో, తూచకూడదు జితేందర్! బియ్యంలాగా కొలవాలి," అంది స్పందన. "ఆ రెండోది తేలిక మందు. అసలు మందు వంద పట్టే కొలతలో అది డెబ్బై చిల్లరే తూగుతుందట. త్రాసు మీద వంద తూచావంటే ఎంత ఎక్కువ పడుతుందో నువ్వే చూసుకో."

"నీకెట్ల తెలుసు?"

"నాకు వద్దన్నా చెప్పేవాడుగా, నేను గిన్నెలు తోముతుంటే."

జితేందర్ సిగ్గుపడి త్రాసు పక్కన పెట్టాడు. పెట్టెలోంచి తేజేశ్వర్ ఇత్తడి కొలత తీసి మందుతో నింపాడు. కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీతలేవి వదినా? ఖాళీగుంటే కడ్డీ ఎందాక దిగాలె, లోడ్ ఉంటే ఎందాక దిగాలె అని అన్న గీసుకుండె."

"అవి... చింతపండుతో తోమేశాను."

"చింతపండా!" ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే అతను కొలత ఎత్తి తుపాకి మూతి దగ్గర పెట్టాడు.

"ఉండు. ముందు కడ్డీ వెయ్యాలి," అంటూ స్పందన అతని చెయ్యి పట్టుకుంది. తేజేశ్వర్ ఎప్పుడూ ముందు కడ్డీ జారవిడిచేవాడు. అడుగున ఇనుముకు తగిలి ఖంగుమనేది. వేద దానికి డాడీ బెల్ అని పేరు పెట్టింది. స్పందన కడ్డీ తీసుకుని గొట్టంలోకి వదిలింది.

ఖంగుమనలేదు. దబ్‌మంది.

జితేందర్ తుపాకి మూతి దగ్గర కడ్డీ మీద వేలు పెట్టి, పైకి తీసి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. అడుక్కి నాలుగు వేళ్లు తక్కువొచ్చింది. "లోపల లోడ్ ఉన్నది," అని బెంచీ మీద కూలబడ్డాడు. "దాని మీద ఇంకోటి పోస్తుంటి. గొట్టం పగిలి నా మొహం మీదికే వచ్చేది వదినా."

స్పందనకు ఆ గొట్టం మూతికి వేద పెట్టిన బొట్టు గుర్తొచ్చింది. పిల్ల చెప్పింది నిజమే. ఆ రోజు తెల్లవారుతుండగా ఆయన కొలిచి పోసిన మందు, ఆయన చేత్తో దట్టించిన గుండు, అన్నీ ఏడాదిగా ఆ అల్మారాలోనే ఉన్నాయి.

"గన్ షాపుల ఇప్పదీసి మందు బైటికి తీయిద్దాం," అన్నాడు జితేందర్.

"వద్దు. పేల్చడానికేగా పెట్టుకున్నాడు."

అతను ఎంత చెప్పినా వినలేదు. చివరికి రైఫిల్ని ఇసుక సంచుల మధ్య బల్లకు బిగించి, మట్టి గట్టు వైపు గురిపెట్టి, కొత్త క్యాప్ పెట్టి, ట్రిగ్గర్‌కు పొడుగు తాడు కట్టాడు. ఇద్దరూ గోడ చాటుకు వెళ్ళారు. తాడు కొస స్పందన చేతిలో ఉంది. లాగబుద్ధి కాలేదు. ఇది కూడా పేలిపోతే ఆయన మొదలుపెట్టి వదిలేసిన పని ఇక ఒక్కటీ మిగలదు. ఏడ్చింది. ఏడుస్తూనే లాగింది.

భూమి అదిరింది. తెల్లటి పొగ గాలికి తిరిగొచ్చి ఆమెనూ, ఆమె చలి జాకెట్‌నీ కమ్మేసింది. పక్కకు జరగమని జితేందర్ అరుస్తున్నా ఆ పొగలోనే నిలబడింది. కాసేపాగి అతను కడ్డీ వదిలితే ఖంగుమంది.

రైఫిల్ అతనితోనే వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే వేద సరాసరి అల్మారాలోకి పోయింది. క్షణంలో ముఖం వేలాడేసుకుని బయటికొచ్చింది.

"మమ్మీ, డాడీ లేడు."

స్పందన చేతులు చాచింది. పిల్ల వచ్చి జాకెట్‌లో ముక్కు దూర్చి ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఓ, ఇక్కడున్నాడు," అని అలాగే కరుచుకుపోయింది.

పిల్ల నిద్రపోయేదాకా స్పందన జాకెట్ విప్పలేదు. ఆ తర్వాత కూడా విప్పలేదు.